గాలిదారి లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్, అక్కణ్నుంచి కువైట్, దుబాయ్, డల్లాస్. గోదావరి డెల్టా ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో విమాన దూరాలు, ప్రయాణ గంటల మీద అడిగినవాటికి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు విమానంలో ఎంత దూరమో వెతికితే ఒకచోట 361, ఇంకోచోట 224, మరోచోట 195 అని కనిపించింది. ఏది నమ్మాలి? రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది కదా!
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

మూడూ ఒకటేనండి, కొలబద్దలే వేరు. 361 కిలోమీటర్లు, 224 మామూలు మైళ్లు, 195 నాటికల్ మైళ్లు. మామూలు మైలు 1.609 కి.మీ., పైలట్లు వాడే నాటికల్ మైలు 1.852 కి.మీ. అంకె పక్కన ఏ కొలతో రాయకుండా వదిలేస్తారు, తికమక అంతా అందువల్లే. ఇక రోడ్డు సంగతి. అది విజయవాడ మీదుగా కిందికి దిగి మళ్లీ పైకి వెళ్తుంది, విమానానికి ఆ చుట్టు లేదు.

అయితే ఆ 361 కూడా విమానం నిజంగా ఎగిరే దూరం కాదు. మధురపూడి రన్‌వే మీద ఒక బిందువు నుంచి శంషాబాద్ రన్‌వే మీద ఇంకో బిందువుకు భూమి వంపు వెంట గీసిన గీత పొడవు అది. లేచిన దిశ నుంచి తిరగడానికి, దిగేముందు వరుసలో చేరి రన్‌వేకు ఎదురుగా రావడానికి ఇంకొన్ని కిలోమీటర్లు పడతాయి. దగ్గరి ఊళ్ల మధ్య ఈ అదనపు దూరం మొత్తంలో పెద్ద వాటా అవుతుంది, దూరపు ఊళ్ల మధ్య అయితే లెక్కలోకే రాదు.

ప్రశ్న: రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే దూరాన్ని నేనే కట్టుకోవచ్చా? క్యాలిక్యులేటర్‌లో నాకు అడ్డదిడ్డమైన జవాబు వస్తోంది.
– ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

కట్టుకోవచ్చు. హైదరాబాద్–కువైట్ తీసుకుందాం. శంషాబాద్ 17.23 ఉత్తరం, 78.43 తూర్పు. కువైట్ 29.23 ఉత్తరం, 47.97 తూర్పు. రేఖాంశాల తేడా 30.46 డిగ్రీలు. ముందు రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి: 0.2962 × 0.4883 = 0.1446. తర్వాత వాటి కొసైన్‌లను గుణించండి: 0.9551 × 0.8727 = 0.8335. దీన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో, అంటే 0.8620తో గుణిస్తే 0.7185. రెండు ఫలితాలూ కూడితే 0.8631. ఈ విలువ ఏ కోణం కొసైనో చూస్తే 30.33 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ అంటే 111.2 కి.మీ. (సగటు వ్యాసార్ధం 6,371 కి.మీ. పెట్టుకుంటే). గుణిస్తే సుమారు 3,370 కి.మీ.

మీ జవాబు అడ్డం తిరగడానికి మొదట అనుమానించాల్సింది క్యాలిక్యులేటర్ రేడియన్లలో ఉండిపోవడం. 90 డిగ్రీల సైన్ కొట్టండి, 1 రాకపోతే రేడియన్లలో ఉన్నట్టే. రెండోది గుర్తు. అమెరికా రేఖాంశాలు పశ్చిమం కాబట్టి వాటికి మైనస్ పెట్టాలి. డల్లాస్ మైనస్ 97.04, అందుచేత హైదరాబాద్‌తో తేడా 78.43 + 97.04 = 175.47. తీసివేసి 18.61 అని వేస్తే డల్లాస్ పోయి టిబెట్ పీఠభూమి మీద ఎక్కడో తేలుతుంది! ఇంకో మాట: రాజమండ్రి–హైదరాబాద్ లాంటి దగ్గరి దూరాలకు ఈ సూత్రం అంత మంచిది కాదు. కొసైన్ 1కి మరీ దగ్గరగా వచ్చేస్తుంది, నాలుగు దశాంశ స్థానాలతో ఆపితే కిలోమీటర్లు తప్పుతాయి. అలాంటి చోట చిన్న కోణాలకూ సరిగ్గా పనిచేసే హావర్‌సైన్ అనే సూత్రం వాడండి.

దూరం వచ్చాక సమయానికి మేము వాడే చేతి లెక్క: జెట్ విమానమైతే దూరాన్ని 850తో భాగించి అరగంట కలపండి. కువైట్‌కు దాదాపు నాలుగున్నర గంటలు వస్తుంది. గాలి ఎదురైతే ఇంకాస్త పెరుగుతుంది. రెక్కలకు ఫ్యాన్లు కనిపించే ఏటీఆర్ విమానమైతే 480తో భాగించి 25 నిమిషాలు కలపండి. రాజమండ్రి–హైదరాబాద్ గంటా పది నిమిషాలకు వచ్చేది అందుకే. ఆ కలిపిన నిమిషాలు రన్‌వే దాకా నేల మీద దొర్లడానికి, ఎక్కడానికి, దిగడానికి. టికెట్టులో రాసే సమయం గాల్లో ఉన్నంతసేపే కాదు, గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్ వెళ్తున్నాడు. టికెట్టు మీద శంషాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి ఎక్కి, అదే తేదీన సాయంత్రం 4:30కి డల్లాస్‌లో దిగుతాడని ఉంది. పన్నెండు గంటల్లో అమెరికా వెళ్లిపోతారా అండి?
– ఒక తల్లి, అమలాపురం

లేదమ్మా. టికెట్టు మీద రెండు గడియారాలున్నాయి, రెండూ వేరే ఊళ్లవి. బయల్దేరే సమయం ఎప్పుడూ బయల్దేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. లెక్క కట్టాలంటే రెండింటినీ మన గడియారంలోకి మార్చుకోవాలి.

వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 4:30 అంటే మనకు మర్నాడు తెల్లవారుజామున 3:00. 4:20 నుంచి మర్నాడు 3:00 దాకా అంటే 22 గంటల 40 నిమిషాలు. ఇప్పుడు దాన్ని విడగొట్టి చూడండి. మధ్యలో విమానం మారడానికి దుబాయ్‌లో 6:50కి దిగుతాడనుకుందాం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక కాబట్టి మన లెక్కలో అది 8:20, అంటే ఆ విమానం నాలుగు గంటలు. అక్కడ 9:30కి రెండో విమానం, మధ్యలో 2 గంటల 40 నిమిషాలు. మిగిలిన పదహారు గంటలూ డల్లాస్ విమానంలో. మొత్తం సరిపోయింది.

వచ్చేటప్పుడు దీనికి తిరగబడుతుంది. డల్లాస్‌లో మధ్యాహ్నం 12కి ఎక్కి, దుబాయ్‌లో మూడు గంటలు ఆగి, హైదరాబాద్‌లో మర్నాడు రాత్రి 7:40కి దిగాడనుకోండి. చూడ్డానికి దాదాపు 32 గంటల ప్రయాణం లాగుంటుంది, నిజానికి 21 గంటల 10 నిమిషాలే. చేరే సమయం పక్కన చిన్నగా ప్లస్ 1 అని ఉంటే మర్నాడని అర్థం. స్టేషన్‌కో ఎయిర్‌పోర్టుకో ఒక రోజు ముందే బండి పంపించేవాళ్లు ఈ చిన్న అంకె చూడనివాళ్లే.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. చలికాలంలో డల్లాస్‌కు మనకు తేడా పదకొండున్నర గంటలు. గల్ఫ్ దేశాల్లో ఈ మార్పు లేదు. కువైట్, దోహా, రియాద్, బహ్రెయిన్ ఏడాది పొడవునా మనకంటే రెండున్నర గంటలు వెనక. దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక.

ప్రశ్న: మన గడియారం గీత కాకినాడ మీదుగా పోతుందని చిన్నప్పుడు చదివాం. నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రామచంద్రపురం

దాదాపు నిజం. భారత ప్రామాణిక కాలం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఆధారపడింది. కాకినాడ ఊరు 82.25 దగ్గరుంది, కాబట్టి గీత దానికి ఇరవై ఐదు కిలోమీటర్లకు పైగా తూర్పున, తుని చెంతన తీరం దాటుతుంది. చేతి గడియారం సూర్యుడితో దాదాపుగా కలిసే అదృష్టం మన జిల్లాలది. గుజరాత్ కొసన గంటకు దగ్గర తేడా ఉంటుంది.

ప్రశ్న: మ్యాపులో చూస్తే డల్లాస్ మనకు నేరుగా పడమర. విమానంలో సీటు ముందు తెర మీద మాత్రం బాణం పైకి, మంచు దేశాల మీదుగా వెళ్తోంది. చుట్టుదారి ఎందుకు?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

చుట్టు కాదండి, అదే దగ్గరి దారి. అబద్ధం చెప్పేది గోడ మీది మ్యాపు. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద సాగదీస్తే ఉత్తరాన ఉన్న దేశాలు ఉబ్బిపోతాయి, కాగితం మీది తిన్నని గీత భూమి మీద వంకరవుతుంది.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పిల్లల గ్లోబు, అడ్డంగా 30 సెంటీమీటర్లది తీసుకోండి. దాని చుట్టుకొలత సుమారు 94 సెం.మీ., భూమిది 40,030 కి.మీ., కాబట్టి గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే 425 కి.మీ. హైదరాబాద్ మీద దారం కొస బొటనవేలితో నొక్కి, రెండో కొస డల్లాస్ మీద పెట్టి బిగించండి. వదులుగా ఉన్నంతసేపు ఆఫ్రికా మీదుగా ఉంటుంది, బిగిస్తున్నకొద్దీ పైకి జారిపోతుంది. బిగిశాక కొలిస్తే 34 సెం.మీ., అంటే 14,400 కి.మీ. ఆ దారం ఉత్తర ధ్రువానికి 530 కిలోమీటర్ల దగ్గరగా వెళ్తుంది! మన ఊళ్ల నుంచి అమెరికా నడిబొడ్డుకు నిజమైన దిక్కు పడమర కాదు, దాదాపు ఉత్తరం.

మనవాళ్లు వెళ్లేది మాత్రం మధ్యలో దిగి. దుబాయ్ మీదుగా 2,550, మళ్లీ 12,920 కలిపి సుమారు 15,470 కి.మీ. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,120, 8,260 కలిపి సుమారు 15,380. దోహా అయితే 15,660 దగ్గర. మూడింటికీ మధ్య తేడా మూడు వందల కిలోమీటర్లు కూడా లేదు, జెట్ విమానానికి అది ఇరవై నిమిషాలు. కాబట్టి ఏ దారి దగ్గర అని జుట్టు పీక్కోవద్దు. మధ్య ఊళ్లో ఎన్ని గంటలు కూర్చోవాలో, ఒక్క బిగిన పదహారు గంటలు కూర్చోగలరో లేదో చూసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి, ప్రయాణాన్ని రెండు సగాలు చేసే ఊరే మంచిదని మా అభిప్రాయం.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి కువైట్‌కు ఉదయం 8:00కి ఎక్కితే అక్కడి 10:30కి దిగాను. తిరిగొచ్చేటప్పుడు రాత్రి 11:00కి ఎక్కితే మర్నాడు 5:50కి శంషాబాద్. పోయేటప్పుడు అయిదు గంటలు, రావడానికి నాలుగూ ఇరవై. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి కువైట్ ఎదురురావాలి, పోయేటప్పుడే తొందరగా అవ్వాలి కదా?
– ఒక పాఠకురాలు, రాజోలు

మీ గంటల లెక్క సరిగ్గా ఉంది, కారణమే వేరు. భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతుంది. రాజోలులో నిలబడ్డ మనిషి భూమితోపాటు గంటకు దాదాపు 1,600 కి.మీ. వేగంతో తూర్పుకు పోతూనే ఉన్నాడు, అయినా తల మీద గుడ్డ కదలదు. విమానం లేచేటప్పుడే ఆ వేగం దానికీ ఉంది. పడవలో కూర్చుని పైకి ఎగరేసిన బంతి గోదాట్లో పడదు, చేతిలోకే వస్తుంది.

తేడా తెచ్చేది పైగాలి. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం అనే బలమైన గాలి వీస్తుంది. చలికాలంలో అది గల్ఫ్ మీదుగా, ఉత్తర భారతం మీదుగా దక్షిణానికి దిగి ఉంటుంది. విమానానికి గాలితో పోలిస్తే గంటకు 850 కి.మీ. వేగం ఉందనుకోండి. ఎదురుగాలి 80 ఉంటే నేల మీద 770 మాత్రమే నడుస్తుంది, వెనకనుంచి అదే 80 తోస్తే 930. ఇది 3,370 కిలోమీటర్ల మీద అరగంట, ముప్పావు గంట తేడా అవుతుంది. వరద గోదావరిలో పడవ ఎదురెక్కడం, వాలున రావడం ఎలాంటివో ఇదీ అలాంటిదే. నైరుతి రుతుపవనాల నెలల్లో దక్షిణ భారతం మీద పైగాలి తూర్పు నుంచి పడమరకు తిరుగుతుంది, అప్పుడు తేడా తగ్గుతుంది.

ప్రశ్న: దూరం ఎక్కువైనా తొందరగా చేరే దారి ఉంటుందా?
– ఒక పాఠకుడు, తణుకు

ఉంటుంది. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య భూమి వంపు వెంట దూరం సుమారు 12,370 కి.మీ. ఎయిర్ ఇండియా మొదట అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కి.మీ. ఎగిరేది. 2016 అక్టోబర్‌లో ఆ విమానాన్ని పసిఫిక్ మీదుగా మళ్లించింది. దారి 15,300 కిలోమీటర్లకు పెరిగింది, సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నరకు దిగింది. జెట్ ప్రవాహం వీపు మీద తోసుకుపోయింది, అంతే. 2021 జనవరిలో ఆ సంస్థ మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా నడిపారు. ఆ రెండు ఊళ్ల మధ్య నేరు దూరం 13,993 కి.మీ.

గాలి ఒక్కటే కాదు, మూసిన ఆకాశాలు కూడా గంటలు మారుస్తాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఐరోపా, అమెరికా సంస్థలకు రష్యా ఆకాశం మూతపడింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశం మూసింది. ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన విమానాలకు దక్షిణంగా తిరిగి వెళ్లాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి గల్ఫ్ దారి చాలామటుకు అరేబియా సముద్రం మీదే కాబట్టి ఆ దెబ్బ అంతగా తగల్లేదు. పాత టికెట్టులోని గంటలు చూసి కొత్త ప్రయాణం ఊహించుకోకండి.

ప్రశ్న: మధురపూడి నుంచి హైదరాబాద్ వెళ్లి అక్కడ కువైట్ విమానం ఎక్కాలి. మధ్యలో రెండు గంటలు చాలవా? లేక ఇంటి దగ్గరనుంచే కారులో శంషాబాద్ పోవడం మేలా?
– ఒక పాఠకుడు, కొత్తపేట

రెండు టికెట్లు విడివిడిగా కొన్నారా, ఒకే బుకింగ్ కిందనా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకే పీఎన్ఆర్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత సంస్థది. విడిగా కొంటే మొదటిది ఆలస్యమైందని రెండో సంస్థకు పట్టదు, టికెట్టు డబ్బు పోయినట్టే. అలా కొన్నవాళ్లకు రెండు గంటలు ఎంతమాత్రం చాలవు. అంతర్జాతీయ కౌంటరు సాధారణంగా విమానానికి గంట ముందే మూసేస్తారు. మీరు దిగాక సామాను బెల్టు మీదికి రావడానికి ఇరవై, ముప్పై నిమిషాలు. అదే టెర్మినల్‌లో పై అంతస్తుకు ఎక్కి మళ్లీ ద్వారం దగ్గర తనిఖీ, కౌంటరు, ఇమిగ్రేషన్, భద్రత వరుసలు. ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే) ముద్ర ఉన్న పాస్‌పోర్టయితే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కాగితాలు కూడా చూస్తారు. వీటికే మూడు గంటలు పెట్టుకోవాలి. రాజమండ్రి విమానం ఆలస్యానికి ఇంకో రెండు, మూడు గంటలు. మొత్తం అయిదారు గంటల ఎడం ఉండేలా కొనండి.

డిసెంబర్, జనవరి ఉదయాలు మరీ ప్రమాదం. తడిసిన పొలాలు, కాలువలు, గాలి కదలని రాత్రి, అన్నీ కలిసి తెల్లవారేసరికి పొగమంచు దిగుతుంది. చూపు ఆనకపోతే విమానం పైన చక్కర్లు కొడుతుంది. ఒక్కో చక్కరుకు సుమారు నాలుగు నిమిషాలు పడుతుంది. ఇంధనం లెక్క దాటితే వేరే ఊరికి మళ్లిపోతుంది. మీ కువైట్ విమానం మధ్యాహ్నానికైతే, ముందురోజు సాయంత్రం విమానంలో గానీ గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో గానీ హైదరాబాద్ చేరిపోండి.

సామాను విషయం చాలామంది మరిచిపోతారు. దేశంలో తిరిగే టికెట్టుకు సాధారణంగా 15 కిలోలు, గల్ఫ్ టికెట్టుకు ముప్పై దాకా ఇస్తారు. విడి టికెట్లయితే మధురపూడిలోనే ఆ తేడాకు డబ్బు కట్టాలి. ఒకే బుకింగ్ అయితే కౌంటరులో అడిగి సామాను చీటీ చూసుకోండి. దాని మీద కేడబ్ల్యూఐ అని ఉంటే నేరుగా కువైట్‌కు వెళ్తుంది, హెచ్‌వైడీ అని ఉంటే హైదరాబాద్‌లో మీరే తీసుకోవాలి. తిరుగు ప్రయాణంలో కస్టమ్స్ కోసం శంషాబాద్‌లో సామాను దింపుకుని మళ్లీ వేయాల్సి వస్తుంది. ఏటీఆర్‌లో తల మీది అరలు చిన్నవి, పెద్ద చక్రాల పెట్టె మెట్ల దగ్గరే తీసుకుని కింద వేస్తారు. అందులో పాస్‌పోర్టు, నగలు పెట్టుకోకండి.

కారు మాటకొస్తే, కొత్తపేట నుంచి రావులపాలెం ఎక్కి విజయవాడ, సూర్యాపేట మీదుగా భోజనానికి ఆగుతూ పోతే తొమ్మిది గంటలు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కెయ్యండి, ఎల్బీ నగర్ రద్దీలోకి దిగితే గంట పోతుంది. విమానమైతే మధురపూడికి రెండు గంటలు, అక్కడ గంటన్నర ముందుండడం, గంటా పది ప్రయాణం. అంటే అయిదు గంటల లోపే. ఒక్కరే వెళ్తుంటే విమానం. నలుగురు, ఎనిమిది పెట్టెలైతే కారే నయం.

ప్రశ్న: అమెరికా పట్టుకెళ్లడానికి కురిడీలు పెట్టెలో పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

వద్దు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువని దాన్ని నిప్పంటుకునే సరుకు కింద లెక్కేస్తారు, తనిఖీలో తీసి పక్కన పెడతారు. ఆవకాయ కౌంటరులో వేసే పెట్టెలో పెట్టుకోవచ్చు, చేతిసంచిలో మాత్రం 100 మిల్లీలీటర్లు దాటకూడదు. ఆత్రేయపురం పూతరేకులకు భయం లేదు, నలగకుండా చూసుకోవడమే.

ప్రశ్న: మా అమ్మాయి విమానాన్ని ఫోనులో చూస్తూ ఉంటే సముద్రం మీదికి వెళ్లాక కనిపించకుండా పోయింది. గుండె ఆగినంత పనైంది. ఎందుకలా అవుతుంది?
– ఒక తండ్రి, నరసాపురం

కంగారు పడకండి. విమానం తానెక్కడుందో సెకనుకొకసారి రేడియోలో చెబుతూ ఉంటుంది, దాన్ని నేల మీది రిసీవర్లు పట్టి ఆ యాప్‌కు పంపుతాయి. ఎత్తున ఉన్న విమానాన్ని ఒక రిసీవర్ మూడు, నాలుగు వందల కిలోమీటర్ల దాకా వినగలదు. నడిసముద్రంలో, ధ్రువం దగ్గర రిసీవర్లు లేవు, అందుకే గీత తెగిపోతుంది లేదా అంచనాతో చుక్కలు గీస్తుంది. తీరం దగ్గరపడగానే మళ్లీ కనిపిస్తుంది. విమానాన్ని నడిపించే నియంత్రణ కేంద్రాలకు వేరే మార్గాలున్నాయి, ఆ చుక్కల మీద అవి ఆధారపడవు.

దిగిందని తెర మీద కనబడ్డాక కూడా ఫోను రాలేదని ఆరాటపడొద్దు. గేటుకు చేరడం, ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ అన్నీ అయ్యేసరికి అమెరికాలో గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఇమిగ్రేషన్ హాల్లో ఫోను వాడనివ్వరు.